చంద్రకాంతమ్మ పేరు మీద

ఏప్రిల్ 19, 2021. సోమవారం

పొద్దున్నే మేనేజరు ఫోన్ చేసి, "బ్యాంకు మిత్ర అంటే బ్యాంకు ఉద్యోగి కాదమ్మా, గుర్తుపెట్టుకో" అన్నాడు. నాలుగు మాస్కులు అడిగినందుకు ఈ జవాబు. ఏడేళ్లుగా నగరిలో మా నేతగాళ్ల వీధులన్నీ మిషన్ మోసుకుని తిరిగి, ఇంటింటా వేలిముద్ర తీసుకుని, డబ్బు చేతిలో పెడుతున్నది నేను. ఫ్యాను కింద కూర్చునేది ఆయన. పోనీ. వీధిలో నన్ను బ్యాంకమ్మ అంటారు. ఆయన పేరు ఒక్కరికీ తెలియదు.

ఈ నోటుబుక్కు కూడా వాళ్లిచ్చిందే, లెక్కలు రాసుకోమని. లెక్కలన్నీ మిషన్లోనే ఉంటాయి కాబట్టి ఇందులో నా గోల రాసుకుంటాను. మునిశేఖర్‌తో చెప్పుకుందామంటే, ఇంట్లో మరమగ్గాలు రెండూ ఆగినప్పటి నుంచి ఆయన దేనికీ సరిగ్గా పలకడం లేదు. మొగుడు పలకకపోతే పుస్తకంతో మాట్లాడే స్థితికి వచ్చాను.

ఈరోజు ఇంకో ఇద్దరు ఏటీఎం కార్డులు తెచ్చి నా దగ్గర దాచుకున్నారు. పని లేని మగవాళ్లు ఇంట్లో ఉంటే కార్డు నేరుగా బ్రాందీ షాపుకు పోతుంది. "నీకాడుంటే మా ఆయన అడగలేడు పంకజక్కా, నువ్వంటే వానికి బయం" అంది ఒకామె. నవ్వొచ్చింది. గర్వంగా కూడా ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. బీరువాలో పట్టుచీరల కింద మొత్తం పంతొమ్మిది కార్డులయ్యాయి. పిన్ నంబరు ఎవరికీ గుర్తుండదని అందరికీ వాళ్ల ఇంటి తలుపు నంబరే పెట్టించాను. వీళ్లెవరికీ సొంత ఫోన్ లేదు కాబట్టి ఖాతాలకు నా రెండో ఫోన్ నంబరు రాయించాను. రూలు ప్రకారం రెండూ తప్పే. రూలు రాసినవాళ్లు ఒక్కరోజు ఈ వీధిలో తిరిగి చూడాలి.

ఏప్రిల్ 22, గురువారం

ధనశేఖర్ వచ్చాడు. మునిశేఖర్‌కు చిన్నాన్న కొడుకు. తిరుపతిలో ఒక లాడ్జి చూసుకునేవాడు, యాత్రికులు లేక అది మూతపడింది. ఇప్పుడు ఏదో ట్రస్టు పెట్టాడట, కరోనా సాయానికి. ఇస్త్రీ చొక్కా, జేబులో శానిటైజర్ బుడ్డి, మాటకు ముందొక వదినా, వెనకొక వదినా.

"దానం చేసేవాళ్లు శానామంది ఉండారు వదినా. మా ట్రస్టు ఖాతాకు లిమిటుండాది, రోజుకింత కంటే పడదు. మీ వీధి ఆడోళ్ల ఖాతాల్లో ఏయిస్తే, ఇంటికి రెండు వేలు ఈడనే ఇచ్చేస్తాం. మిగిలిండేది మేం తీసి ఇంకో ఊర్లో పంచుతాం. కార్డులు ఓ నెల నాకాడ ఉండనీ."

"వాళ్లనడగొద్దా?" అన్నాను.

"అడిగితే పది మంది పది మాటలంటారు. ఇంతకూ నీ మాట కాదనేవాళ్లు ఎవరుండారీడ?"

అది నిజమే. నూలు రాక నెలన్నర అయింది. నిన్న ఎదురింట్లో పొయ్యి వెలగలేదని నాకు తెలుసు. సాయం ఇంటి ముందుకు వస్తే ఏ దారిన వచ్చిందని విచారించే రోజులు కావు ఇవి.

కార్డులిచ్చాను. ఏ కార్డుకు ఏ తలుపు నంబరో కాగితం మీద రాసిచ్చాను. దారి ఖర్చులకని నాకూ ఏదో కొంత ఇచ్చాడు.

ఏప్రిల్ 25, ఆదివారం

పంతొమ్మిది ఇళ్లకు పది కిలోల బియ్యం, రెండేసి వేలు. ధన మాట నిలబెట్టుకున్నాడు. నేనే దగ్గరుండి పంచాను.

పక్కింటి చంద్రకాంతమ్మత్త నోట్లు కళ్లకద్దుకుంది. ఆమెకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. అరవై ఐదేళ్ల వయసులో ఇంకా మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతోంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో టైఫాయిడ్ వస్తే పది రోజులు గంజి కాచి పోసింది ఈమే. సొంత అత్త వాకిట్లో నుంచే పలకరించి పోయింది.

"ఎవురిచ్చిరి పంకజా?"

"దాతలత్తా."

"వాళ్ల కడుపు సల్లగుండ."

కార్డుల సంగతి ఎవరికీ చెప్పలేదు. అర్థం కానిది చెప్పి భయపెట్టడం ఎందుకు. నెల తిరిగేసరికి మళ్లీ చీరల కిందికే వస్తాయి.

ఏప్రిల్ 28, బుధవారం

రెండో ఫోన్‌కు మెసేజీలు వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ ధన ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటాడు. ఏటీఎంలో తీసేది కాకుండా కార్డు మీద ఇంకెక్కడికో పంపడానికట. ఖాతాదారుకు తప్ప ఇంకెవరికీ ఓటీపీ చెప్పకూడదని వీధిలో అందరికీ నేర్పింది నేనే. గోడకు పోస్టరు కూడా అంటించాను.

ఇది వేరు. ఇది ఇంటి మనిషి.

మే 1, శనివారం

పొద్దున్నుంచి పదకొండు సార్లు ఓటీపీ చెప్పాను. అన్నం కలిపిన చేత్తోనే ఒకసారి.

మే 2, ఆదివారం

మళ్లీ ముప్పై ఎనిమిది వేలు. ఇది నాలుగోది. ఒక్కొక్కటి ఒక్కొక్కరి పేరు మీద నుంచి వస్తోంది, మొత్తం మాత్రం అదే. దాతలు అందరూ కూడబలుక్కుని ముప్పై ఎనిమిది వేలే ఎందుకు పంపుతారు? ఏదో మొక్కు లెక్క అయి ఉంటుంది. తిరుపతి వైపు మనుషులకు రకరకాల మొక్కులు.

మే 4, మంగళవారం

మునిశేఖర్‌కు జ్వరం. వాసన తెలియడం లేదంటున్నాడు.

మే 6, గురువారం

ఆక్సిజన్ ఎనభై నాలుగు. వేలికి పెట్టిన ఆ చిన్న మిషన్‌ను మూడుసార్లు తీసి పెట్టాను, అంకె మారుతుందేమోనని. మారింది, ఎనభై రెండుకు. పుత్తూరులో బెడ్ లేదన్నారు. చిత్తూరులో లేదన్నారు. నాకు తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేశాను, మేనేజరుకు కూడా. ఆయన పాపం తన తల్లి కోసం తనే వెతుకుతున్నాడు.

ధన గంటలో బెడ్ చూశాడు. తిరుపతి, ఒక ప్రైవేటు ఆసుపత్రి. అంబులెన్సు కూడా వాడే పంపాడు. దారి పొడవునా మునిశేఖర్ నా చేయి వదల్లేదు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన భయపడటం నేను చూడలేదు. ఆయన ఉండకపోతే నేను ఏమవుతానో ఆలోచించే ధైర్యం కూడా లేకపోయింది.

మే 7

బతికున్నాడు. అంతే.

మే 12, బుధవారం

ఆసుపత్రి బయట రేకుల షెడ్డు కింద మా మకాం. లోపలికి రానివ్వరు. పక్కన మదనపల్లె నుంచి వచ్చిన ఒక ఆవిడ నాతో పాటు నాలుగు రోజులు చపాతీలు పంచుకుని తిన్నది, ఈ పొద్దున వాళ్లబ్బాయిని మూటగా తెచ్చి ఇచ్చారు. ఆమె నా దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంది. కాళ్లకే ఉన్నాయి.

ఆ సమయంలో కూడా ధన ఫోన్ చేశాడు. నంబరు చెప్పాను. మునిశేఖర్‌కు ఊపిరి ఆడుతున్నది వాడి వల్ల. వాడు ఏమడిగినా చెప్తాను.

మే 18, మంగళవారం

ఇంటికి వచ్చాం. మనిషి సగమయ్యాడు. చంద్రకాంతమ్మత్త మా ఇంటి ముందు ముగ్గేసి, దిష్టి తీసి లోపలికి రానిచ్చింది. "ధన లేకుంటే నేను లేను" అని మునిశేఖర్ వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతున్నాడు. అవును, లేడు.

మే 21

రెండో ఫోన్ సౌండ్ తీసేశాను. ఆయన నిద్రకు అడ్డమని.

మే 25, మంగళవారం

రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

పదిన్నరకు ఒకాయన మోపెడ్ మీద వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మాస్కు పక్కల నుంచి గడ్డం కనిపిస్తోంది. వీధి మొదట్లో బ్యాంకు సంగతని అడిగితే, బ్యాంకమ్మ ఇల్లని నా ఇల్లు చూపించారట.

"నా పేరు మునిరామయ్య. చంద్రగిరి. సైకిల్ షాపుండాది. మీ ఊరి బ్రాంచీలో చంద్రకాంతమ్మ అని ఖాతా ఉండాది. ఆమె ఇల్లు యాడమ్మా?"

చీటీ చూపించాడు. మే 8. ముప్పై ఎనిమిది వేలు. ఎందుకు పంపారని అడిగాను, అడగకుండా ఉండాల్సింది.

"నా భార్యకు ఆక్సిజన్ తగ్గిపాయె. తిరుపతిలో బెడ్డు దొరకలా. ఇంట్లోనే గాలి పట్టే మిషన్ పంపుతామని ఫోన్లో ఫోటో పెట్టినారు. ముందు దుడ్లు ఏయమన్నారు. ఆమె కమ్మలు కుదవబెట్టి ఏసినా. మూడు గంటల్లో వస్తాదన్నారు. రెండు దినాలు వాకిట్లోనే నిలబడి దోవ సూసినా. మూడో దినం ఆమె పాయె."

నేను చీటీ తిరిగి ఆయన చేతికిచ్చాను.

"మూడు ఖాతాలు పంపినారమ్మా. ఒకటి కంపెనీ పేరు, ఒకటి ఎవురో మొగోని పేరు, ఇంకోటి ఈమెది. ఆడమనిషి పేరు గదా, మోసం చెయ్యదులే అని దీనికి పంపినా. ఒక్కసారి ఆమెను సూడాల. కొట్టేదానికి కాదు. ఎట్ల తినబుద్దయిందో అడుగుతామని."

"ఆ పేరున్నోళ్లు ఊర్లో నలుగురైదుగురుండారన్నా. యాడని చెప్పేది" అన్నాను.

సరిగ్గా అప్పుడే చంద్రకాంతమ్మత్త కొంగులో మునగాకు తెచ్చింది, మునిశేఖర్‌కు రసం పెట్టమని. కొత్త మనిషిని చూసి ఎవరు, ఏ ఊరు అని అడిగింది. ఆయన చెప్పాడు. భార్య పోయిందని, మోసపోయానని. ఆమె ఇంటికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చింది. "ఆ దుడ్లు తిన్నోళ్ల నోట్లో మన్నుబడ. పిల్లోళ్లుండారా నాయనా? అన్నమెవురు వండి పెడతారు?" అని అడుగుతోంది. నేను అత్తా అని కూడా పిలవలేదు. పేరు బయటికి వస్తుందేమోనని పళ్లు బిగించి కూర్చున్నాను.

పన్నెండు దాటితే కర్ఫ్యూ అని ఆయన లేచాడు. అత్తకు దండం పెట్టాడు. నాకు తన ఫోన్ నంబరు రాసిచ్చి, "కనుక్కోని చెప్పండమ్మా, మీరైతే నలుగురికీ తెలిసిండేవాళ్లు" అన్నాడు.

మే 8న నేనేం రాశానా అని ఇప్పుడు తిరగేసి చూశాను. ఆ రోజు ఏమీ రాయలేదు. షెడ్డు కింద కూర్చుని ధనకు నంబర్లు చదువుతున్నాను.

మే 26, బుధవారం

ధనకు ఫోన్ చేశాను. కార్డులు తెచ్చివ్వు, ఇది దానం కాదు, నువ్వు చేసింది నాకు తెలిసింది అన్నాను. అరుస్తాడనుకున్నాను. నవ్వాడు.

"వదినా, అన్న పండుకున్న బెడ్డు ఊరికే వచ్చిందనుకున్నావా? రెండు లక్షలు కట్టి తెచ్చినా. ఆ దుడ్లు యాడనుంచి వచ్చినాయో ఇప్పుడడుగుతావా?"

ఫోన్ పెట్టేశాడు. మునిశేఖర్ మంచం మీద పడుకుని ఉన్నాడు. ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

మే 28

ధన ఫోన్ స్విచాఫ్. మునిరామయ్య నంబరున్న కాగితం చించేశాను.

మే 29

నాకు తెలియదు కదా. తెలిసి ఇవ్వలేదు కదా.

మే 30

మొక్కు లెక్క అని రాసుకున్నాను. నా చేత్తోనే.

జూన్ 3, గురువారం

నోటీసు వచ్చింది. చిత్తూరు సైబర్ పోలీసుల నుంచి, చంద్రకాంతమ్మ పేరు మీద. ఆమె ఖాతాలో నెల రోజుల్లో ఆరు లక్షల పైన వచ్చి పోయిందట. మిగతా పద్దెనిమిది ఖాతాలు ఇంకా వాళ్ల కంటపడలేదో, వరసలో ఉన్నాయో. ఖాతా ఆపేశారు. తొమ్మిదో తేదీన హాజరు కావాలి.

అత్త నోటీసు తెచ్చి నా చేతిలోనే పెట్టింది. ఆమెకు వచ్చే ప్రతి కాగితం చదివేది నేనే కదా. "ఏమి రాసిండారు పంకజా?" అంది. బ్యాంకు కాగితమత్తా, రేపు చెప్తాను అన్నాను. సరేనని పోయి, మొన్న వచ్చిన కాస్త నూలుతో కండెలు చుట్టుకుంటోంది. గోడ అవతల నుంచి రాట్నం చప్పుడు వినిపిస్తోంది.

జూన్ 4, శుక్రవారం

చెప్పాను. సగం చెప్పాను.

నీ కార్డు ఎవరో దొంగతనంగా వాడారత్తా, పోలీసులు అడుగుతారు, పోయిందని చెప్పు అన్నాను.

"పోయిందా? నీకాడ గదా ఉండేది."

"నాకాడే పోయిందత్తా. నా పేరు సెప్తే నా పని పోతాది."

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీ పేరెందుకు సెప్తా? నేనే యాడో పారేసుకున్నానంటా. ముసిల్దాన్ని నన్నేం జేస్తారు" అంది. పైగా నేను దిగులు పడుతున్నానని నా తల నిమిరి పోయింది. నాకు ఇంట్లోకి వచ్చి గోడకు తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. మునిశేఖర్‌కు జావ కాచి ఇచ్చాను.

జూన్ 6, ఆదివారం

ముసలామెను ఏం చేస్తారు? రెండు ప్రశ్నలడిగి పంపేస్తారు. చదువు రానివాళ్లను ఏమీ చెయ్యరు. ఎక్కడో చదివాను కూడా.

ఎక్కడా చదవలేదు.

జూన్ 7, సోమవారం

మునిశేఖర్‌కు అంతా చెప్పాను. కార్డులు, ఓటీపీలు, చంద్రగిరి మనిషి, అన్నీ. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత, "నువ్వు లోపలికి పోతే నన్నెవురు సూసేది?" అన్నాడు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డట్టున్నాడు, వెంటనే, "ధనాను పట్టిస్తే మా చిన్నాయన ఉరేసుకుంటాడు" అన్నాడు.

"అత్తను పట్టుకుంటే?"

"ఆమె కూడా పోయిందనే సెప్తాది గదా. నువ్వు కూడా అదే సెప్పు. ఆమెకు తోడు పోయిరా, ఆటో మాట్లాడతా."

తోడు పోతున్నాను. అవును, నేనే తోడు.

నాకు ఏదైనా జరిగితే ఆయనకు మందులు ఏ వేళకు ఏవివ్వాలో రెండు రోజులుగా డబ్బాల మీద రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో మాత్రం నన్ను నేను అడగలేదు.

జూన్ 9, బుధవారం. చిత్తూరు

స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ నోటుబుక్కు కూడా ఇచ్చేయాలి. ఇచ్చేలోపు రాసుకోమన్నారు. ఎవరూ తొందర పెట్టడం లేదు.

పొద్దున ఆటోలో వస్తున్నంతసేపూ అత్త పాఠం అప్పజెప్పింది. "కార్డు పోయింది. యాడ పోయిందో తెలీదు. సరిగ్గా సెప్తిని కదా?" పెట్టెలో ఉండే నీలం చీర కట్టుకుంది, పెళ్లిళ్లకు కట్టేది. పోలీసు స్టేషన్ కదా, మంచిగా కనబడాలి అంది.

లోపలికి వస్తుంటే ఇదే బల్ల మీద మునిరామయ్య కూర్చుని ఉన్నాడు. ఆయనను కూడా రమ్మన్నారట, ఫిర్యాదు ఆయనదే. మమ్మల్ని చూసి గుర్తుపట్టి లేచాడు, పలకరించబోయాడు. అంతలో కానిస్టేబుల్ బయటికొచ్చి, "చంద్రకాంతమ్మ ఎవురు?" అని కేకేశాడు.

"నేనే నాయనా" అంది అత్త.

మునిరామయ్య ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవలేదు.

"నీ పేరేనా అది. నా భార్య సచ్చిపాయెనంటే నేల మీద కూర్చోని ఏడిస్తివే. మజ్జిగ తెచ్చిస్తివే. నీ కాళ్లకు దండం పెట్టి పోతినే."

అత్తకు ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసింది. ఏ కాగితమొచ్చినా అలాగే చూస్తుంది, ఏమి రాసుందో చెప్పమని. నేను తల దించుకున్నాను. కానిస్టేబుల్ ఆయనను పక్కకు తీసుకుపోయాడు.

లోపల ఎస్సై గ్రేసీ మేడం మంచిగానే మాట్లాడింది. అత్తకు కుర్చీ వేయించింది, నీళ్లిప్పించింది. కానిస్టేబుల్ బాలాజీ రాసుకుంటున్నాడు. కార్డు పోయిందని అత్త చెప్పింది. ఎప్పుడు పోయింది? తెలీదు. బ్యాంకులో చెప్పావా? లేదు. మరి నీ పిన్ నంబరు వాళ్లకెట్ల తెలిసింది?

అది నేను నేర్పలేదు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తట్టలేదు. అత్త కాసేపు చేతులు నలుపుకుంది. నంబరు తనకు, నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని ఆమెకు తెలుసు. నా పేరు రాకూడదని కూడా తెలుసు.

"నేనే సెప్పినా తల్లీ."

"ఎవరికి?" అంది మేడం.

"ఎవురో. అడిగినారు. సెప్పినా."

"ఊరికే చెప్పినావా? దుడ్లేమన్నా ఇచ్చినారా?"

"ఆ. రెండు వేలిచ్చిరి. బియ్యం గూడా ఇచ్చిరి."

మేడం నిట్టూర్చింది. ఇలాంటివి నెలకు ఇరవై చూస్తున్నాం, పేదవాళ్ల ఖాతాలు అద్దెకు తీసుకుని కొల్లగొడుతున్నారు, అని నాతో అంది. ఈమెను రిమాండుకు పంపక తప్పదేమో, పై అధికారులు చూస్తున్నారు అని కూడా అంది. నన్నేమీ అడగలేదు. అనుమానించను కూడా లేదు. బ్యాంకు గుర్తింపు కార్డు మెడలో వేసుకుని పక్కన నిలబడ్డ మనిషిని ఎవరు అనుమానిస్తారు.

బాలాజీ రాయడం ముగించి కాగితం నా చేతికిచ్చాడు. "మీరు బ్యాంకు మిత్ర గదమ్మా. సదివి వినిపించి, వేలిముద్ర ఏయించండి."

నేను రోజూ చేసేది ఇదే. రాసింది చదవాలి, అర్థమైందా అని అడగాలి, బొటనవేలు పట్టుకుని ఒత్తించాలి. అత్త అప్పటికే వేలు చాపింది. నేను చదవకముందే చాపింది, నేను ఇచ్చే కాగితం కాబట్టి.

చదవడం మొదలుపెట్టాను. "నగరి కాపురస్తురాలైన చంద్రకాంతమ్మ అను నేను ఇచ్చు వాంగ్మూలం." అంతవరకు కాగితంలో ఉన్నదే. తర్వాత కాగితంలో ఉన్నది, డబ్బుకు ఆశపడి నా కార్డును, నంబరును గుర్తు తెలియని వ్యక్తులకు ఇచ్చాను అని.

నేను చదివింది అది కాదు. "నా కార్డును నమ్మకంతో పంకజాక్షి దగ్గర దాచుకున్నాను. పంకజాక్షి నన్ను అడగకుండా, నాకు చెప్పకుండా, దాన్ని తన మరిది ధనశేఖర్‌కు ఇచ్చింది. నా తలుపు నంబరు రాసిచ్చింది. నెల రోజులు ఓటీపీలు తనే చదివి చెప్పింది. చంద్రగిరి నుంచి మునిరామయ్య వచ్చి అడిగితే, అది నేనేనని చెప్పకుండా దాచింది. నా కార్డుకు ఐదు వందలు తీసుకుంది. నాది కాక ఇంకా పద్దెనిమిది కార్డులున్నాయి."

రాసి ఉన్న కాగితాన్నే చదువుతున్నట్టు చదివాను. బాలాజీ లేచి నిలబడ్డాడు.

"మేడం, నేనిట్ల రాయలా."

"రాసింది తప్పు సార్. మల్లా రాసుకోండి" అన్నాను. రెండో ఫోన్ సంచిలో నుంచి తీసి బల్ల మీద పెట్టాను. మెసేజీలన్నీ అందులోనే ఉన్నాయి, ఒక్కటి కూడా తుడిచేయలేదు. తుడిచేయాలని చాలాసార్లు అనుకున్నాను. ఎందుకు తుడవలేదో తెలియదు, మంచితనమని మాత్రం రాసుకోను.

గ్రేసీ మేడం నన్ను చూస్తోంది. నేను అత్తనే చూస్తున్నాను. ఆమె చాపిన వేలు ఇంకా బల్ల మీదే ఉంది. అన్నిటిలోనూ ఆమెకు ఒక్కటే అర్థమైనట్టుంది.

"ఐదు నూర్లకా?" అంది.

నేను తల ఊపాను.

"ఐదు నూర్లు నన్నడిగింటే నేనియ్యనా పంకజా?"

ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బయట మునిరామయ్య నిలబడి అంతా విన్నాడని అప్పుడు చూశాను. ఆయన లోపలికి వచ్చి, అత్త కుర్చీ పక్కన, నేల మీద కూర్చున్నాడు. ఆమె ఆ రోజు కూర్చున్నట్టే. నాతో ఆయన ఒక్క మాట అనలేదు. ఇక ఎప్పటికైనా అంటాడనీ అనుకోను.

కొత్త కాగితం రాయడానికి గంట పట్టింది. ఈసారి చదివి వినిపించింది గ్రేసీ మేడం. ఇంకు పెట్టె తెచ్చారు. అత్త బొటనవేలు కోసం అలవాటుగా నా చేయి ముందుకు పోయింది. ఆమె తన చేయి వెనక్కి తీసుకుంది. తనే ఇంకులో ముంచి, తనే కాగితం మీద ఒత్తింది. ముద్ర సగమే పడింది, ఇంకోసారి వేయమన్నారు. ఆ రెండోది కూడా తనే వేసింది.